దయచేయండి అన్న దుకాణం

మధ్యాహ్నం రెండు గంటలకు కర్మాగారం సైరను, ఇక్కడివాళ్ళ మాటలో భోంపూ, మోగడానికి కాస్త ముందుగా, భిలాయిలోని మా నాలుగో సెక్టరు వీధుల్లోకి కాఫీగింజలు వేగుతున్న వాసన ప్రవేశిస్తుంది. మొదట ఎండుగడ్డిని తలపించే పలుచని వాసన. ఆ తరువాత రొట్టె మాడుతున్నదేమో అనిపించే ఒక క్షణం. ఆపైన పోల్చడానికి మరో వస్తువు దొరకని చిక్కని పరిమళం. ఆ సమయానికి నేను వరండాలో పడక్కుర్చీలో ఏదో ప్రబంధం ఒళ్ళో పెట్టుకుని ఉంటాను. కళ్ళు మందగించినందువల్ల పద్యాన్ని చదవడం కంటె తలచుకోవడమే ఎక్కువగా జరుగుతున్నది. గాలి ఆ వాసనను తెచ్చి నా ముందు నిలిపినప్పుడు మాత్రం పుస్తకం మూసివేస్తాను. ఉక్కు కర్మాగారంలో మొదటి షిఫ్టు దిగినవాళ్ళు స్కూటర్ల మీదా సైకిళ్ళ మీదా మా వీధి మలుపు తిరిగే వేళ అది. ఆ వాసన సరిగ్గా ఆ వేళకే రావడం యాదృచ్ఛికం కాదని, దాని వెనుక ఒక మనిషి ఆలోచన ఉన్నదని, ఆ మనిషి ఇప్పుడు లేదని ఎరిగినవాళ్ళం ఈ వీధిలో కొద్దిమందిమే మిగిలాము.

ఆమె పేరు అప్పలనరసమ్మ. మా పక్క క్వార్టరులో ఉండేది. వయసులో నాకంటె చాలా చిన్నది. మనల్ని తీర్చిదిద్దేవాళ్ళు మనకంటె పెద్దవాళ్ళే అయి ఉండాలన్న నియమం ఏదీ లేదని నాకు తెలియజెప్పినది ఆమెయే. బొబ్బిలి దగ్గరి పల్లెలో పుట్టి, పెళ్ళితో భిలాయి వచ్చింది. భర్త చిన్నారావు రోలింగ్ మిల్లులో పనిచేసేవాడు. మితభాషి. వెన్నుపూస జబ్బు ముదిరి ఎక్కువసేపు నిలబడలేని స్థితి వచ్చేసరికి, ఉద్యోగానికి గడువు ఇంకా మిగిలి ఉండగానే విరమించుకున్నాడు. ఒక్కతే కూతురు, దగ్గరి ఊరు కుమ్హారిలో కాపురం. బొబ్బిలిలో రైసుమిల్లు నడుపుతున్న నరసమ్మ అన్నగారు సత్యం, మిల్లు మీది గదులు ఖాళీగా ఉన్నాయి, వచ్చి ఉండండి అని కబురు చేశాడు. చిన్నారావుకు అది ఇష్టమే. నరసమ్మకు కాదు. అన్నగారి మీద ఆమెకు ప్రేమ లేక కాదు. పరాయి చూరు కింద, అది తోబుట్టువుదే అయినా, చేతులు కట్టుకుని కూర్చోవడం ఆమెకు సరిపడని పని. చివరకు అన్నాచెల్లెళ్ళ మధ్య ఒక ఒప్పందం కుదిరింది. సెక్టర్ మార్కెట్టులో ఒక చిన్న గది అద్దెకు తీసుకుని ఆమె కాఫీపొడి దుకాణం పెడుతుంది. మళ్ళీ వానలు పడేనాటికి దుకాణం తన కాళ్ళ మీద తాను నిలబడితే సరే. లేకపోతే మూటాముల్లె సర్దుకుని బొబ్బిలి బండి ఎక్కాలి.

నేను అప్పటికి ఉద్యోగ విరమణ చేసి ఉన్నాను. ఈ టౌన్‌షిప్పులోనే ఒక పాఠశాలలో జీవితమంతా తెలుగు చెప్పాను. ఏటేటా తరగతిలో పిల్లలు పలుచబడుతూ వచ్చారు. ఇక్కడ పుట్టిన మన పిల్లలకు హిందీ వచ్చినంత ధారాళంగా తెలుగు రాదు. వచ్చినా, చదవడం రాదు. నేను విరమించిన తరువాత ఆ తరగతి మరి కొనసాగలేదు. దానికి ఎవరినీ తప్పుపట్టను. అయితే, నేను ఆరాధించిన మాటలన్నీ నాతోపాటు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాయన్న దిగులు మాత్రం నన్ను విడవలేదు.

కాఫీపొడి అమ్ముతానని నరసమ్మ అన్ననాడు మా ఆవిడ కూడా సందేహించింది. ఇది టీ తాగే దేశం. ప్లాంటు గేటు దగ్గర మొదలుకొని నందిని గనుల దారి వరకు ఎక్కడ చూసినా అల్లం టీ మరుగుతూ ఉంటుంది. మన ఇళ్ళల్లో కాఫీ ఉన్నదంటే, విశాఖ నుంచి దుర్గ్ వచ్చే బండిలో బంధువులెవరో పొట్లం తెచ్చిపెట్టినందువల్లనే. ఆ పొట్లం నిండుకుంటే పక్కింటికి గిన్నె పట్టుకుని వెళ్ళడమూ, పక్కింటివాళ్ళది నిండుకుంటే వాళ్ళు రావడమూ మామూలే. నరసమ్మ ఆ గిన్నెలను చూసింది. అరకు కొండల గింజలు అదే బండిలో తెప్పించి ఇక్కడే వేయించి, కళ్ళముందే పొడి చేసి ఇవ్వాలన్నది ఆమె సంకల్పం. గింజలు కొని, వాటిని వేయించడానికి చేత్తో తిప్పే ఇనప పీపా ఒకటి చేయించేసరికి ఆమె చేతిలో ఉన్నది దాదాపుగా అయిపోయింది. దుకాణం ఉన్నదని నలుగురికీ చెప్పడానికి మిగిలింది స్వల్పం.

ఆ స్వల్పాన్ని మొదట కరపత్రాలకు ఖర్చు చేసింది. పత్రికలలో పెట్టించి ఇంటింటికీ పంపింది. ఒక సాయంకాలం మా వరండాలోకి వచ్చి, వేరుశనగపప్పుల పొట్లం నా ముందు పెట్టి, తినమంది. పొట్లం చుట్టిన కాగితం ఆమె కరపత్రమే. మైదానంలో పల్లీలు అమ్మేవాడి దగ్గర ఒక కట్ట ఉన్నదట.

"నాను అచ్చేయించినాను, ఆడు పొట్లాలు కట్టుకుంతన్నాడు మేస్టారూ. ఆడి యాపారానికి నా కరుసు," అని పప్పులు నములుతూ నవ్వింది. తన ఓటమిని పొట్లం కట్టించుకుని వచ్చి నలుగురికీ పంచిపెట్టగలిగిన మనిషిని నేను అంతకు పూర్వం చూడలేదు. పప్పులు అయిపోయాక కాగితాన్ని మోకాలి మీద సాఫుచేసి, దాన్నే కాసేపు చూసింది. ఇక కాగితం జోలికి పోనని, మనుషులు పారేయలేనిది ఏదైనా ఉన్నదేమో వెతుకుతానని చెప్పి వెళ్ళింది.

ఆ తరువాత కొన్నాళ్ళు ఆమె దుకాణం ముందు అగరువత్తి పట్టుకుని నిలబడటం చూసి, పూజ ఎక్కువైందని మార్కెట్టులో వాళ్ళు అనుకున్నారు. ఆమె చూసినది పొగ ఎటు పోతున్నదో. ఉదయం గాలి ఒక దారి, మధ్యాహ్నం మరొక దారి. షిఫ్టు దిగే వేళకు గాలి దుకాణం ముందువైపు కాక పక్క సందులోంచి పెద్దరోడ్డు మీదికి వీస్తున్నదని కనిపెట్టి, పీపాను పక్క తలుపు దగ్గరికి మార్చింది. వారానికొకసారి అంతా వేయించి నిల్వ పెట్టడం మాని, రోజూ కొద్దికొద్దిగా, రెండు గంటల భోంపూకు గింజలు రంగు తిరిగేటట్టు వేయించడం మొదలుపెట్టింది. బొగ్గు దండగని చిన్నారావు గొణిగాడు. అది బొగ్గు కాదని, తమ బోర్డు అని, చదువు రానివాళ్ళు కూడా చదువుకోగల బోర్డు అని ఆమె బదులు చెప్పింది. తెల్లవారుజామున ఇంట్లోంచి బయలుదేరి, ఎనిమిది గంటలు వేడిలో పనిచేసి, ఆకలితో ఇంటికి పోతున్న మనిషి ముక్కుకు ఆ వాసన ఎట్లా తోస్తుందో ఆమెకు తెలుసు. అటువంటి మనిషి కోసమే ఆమె అన్ని సంవత్సరాలు తలుపు తీసింది.

వాసనకు ఆగినవాళ్ళకు రుచి చూడమని కాస్త కాఫీ ఇచ్చేది. కాగితం కప్పులు చవక కదా, గ్లాసులు కడుక్కునే బాధ ఎందుకని నేనడిగాను. "కాయితం కప్పయితే పట్టుకుని ఎలిపోతారు. స్టీలు గ్లాసిచ్చినాననుకోండి, తాగీసి గ్లాసిచ్చీదాకా నిలబడాల కదా. నలుగురు నిలబడితే ఐదోవోడు ఏటిదని ఆగుతాడు," అన్నది. అలంకారశాస్త్రం చదువుకున్నవాణ్ణి, ధ్వని అంటే ఏమిటో ఎందరికో పాఠం చెప్పినవాణ్ణి. ఒక వస్తువు తన పేరు చెప్పకుండానే తాను ఉన్నదని ఎట్లా తెలియజేయగలదో ఆ గ్లాసులలో చూసి ఆనందించాను.

దుకాణం మెల్లగా కదలసాగింది. చలి ముదిరేనాటికి మన ఇళ్ళవాళ్ళే కాక, ఒకరిద్దరు ఇతరులు కూడా అడిగి కొనుక్కుపోతున్నారు. సరిగ్గా అప్పుడు ఆ సంఘటన జరిగింది.

తెలుగువాళ్ళు కానివారికి ఇక్కడ ఒక విషయం చెప్పాలి. తెలుగునాట ఉన్న తెలుగువారికి కూడా చెప్పవలసినదే. మనం ఇంటికి వచ్చినవారిని 'రండి' అంటాము. ఇంతకంటె మర్యాద అయిన పిలుపు మనకు లేదు. కాని హిందీ చెవికి ఆ మాట మరొక విధంగా వినిపిస్తుంది. ఆ అర్థాన్ని రాయడానికి నా కలం ఒప్పుకోదు. ఏ స్త్రీని ఉద్దేశించి అన్నా క్షమించరాని నింద అంటే చాలు. అందువల్ల భిలాయిలో మన తల్లులు పిల్లలకు అన్నప్రాశన నాటి నుంచే ఇది నేర్పుతారు: ఇంట్లో ఎన్నిసార్లయినా అనవచ్చు, గుమ్మం దాటితే ఆ మాట నోట రాకూడదు. వీధిలో 'ఆయియే' అంటాము. లేదా 'రావాలి' అని తప్పుకుంటాము. నరసమ్మకు ఇది తెలియక కాదు. కాని ఆనాడు ఆమె పూర్వం కాపురమున్న సెక్టర్ నుంచి వృద్ధ దంపతులు, పెళ్ళైన కొత్తలో ఆమెను తల్లిదండ్రుల వలె చూసుకున్నవాళ్ళు, చాలాకాలానికి దుకాణం మెట్లు ఎక్కుతున్నారు. వాళ్ళను చూసిన సంతోషంలో చేతులు చాచి, "రండి, రండి," అని గట్టిగా పిలిచింది. సరిగ్గా వాళ్ళ ముందు మెట్టు మీద, భర్తతోనూ ఆడపడుచుతోనూ కలిసి, దూబే గారి భార్య ఉన్నది. మొదటిసారి ఆ దుకాణానికి వస్తున్నది. ప్లాంటులో అధికారి భార్య. మాటకు విలువ ఉన్న మనిషి. వారం వారం ఆమె ఇంట్లో భజన జరుగుతుంది.

ఆమె మెట్టు మీదనే నిలిచిపోయింది. నేను లోపల బల్ల మీద కూర్చుని ఉన్నాను. ముఖంలో రక్తం దిగిపోవడం అన్న మాటను అనేకసార్లు పుస్తకాలలో చదివాను; ఆనాడు చూశాను. దూబే గారు ముందుకు వచ్చి, ఎవరిని ఏమన్నావని అడిగాడు. వృద్ధ దంపతులు భయపడి వెనక్కి తగ్గారు. నరసమ్మ చెప్పబోయింది, కాని వాళ్ళు వినే స్థితిలో లేరు. వచ్చినంత వేగంగా వెళ్ళిపోయారు. సాయంకాలానికి మార్కెట్టు అంతా తెలిసిపోయింది. మరునాడు రెండు గంటలకు గింజలు యథాప్రకారం వేగాయి, వాసన యథాప్రకారం రోడ్డు మీదికి పోయింది, ఎవరూ ఆగలేదు. ఆ మరునాడూ అంతే. మనవాళ్ళు కూడా, ఎందుకొచ్చిన గొడవ అని, తల దించుకుని వెళ్ళిపోయారు. అన్నగారికి ఫోను చేయమని చిన్నారావు మెల్లగా అన్నాడు.

ఆమె ఫోను చేయలేదు. ఆ సాయంకాలం మా గుమ్మంలో నిలబడి, దూబే గారింటికి వెళుతున్నానని, నేను పెద్దవాణ్ణి గనుక పక్కన నిలబడితే చాలునని, మాట్లాడవలసినది ఏమీ లేదని నన్ను పిలిచింది. గుమ్మంలో దూబే గారి భార్య మమ్మల్ని లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. నరసమ్మ చేతులు జోడించలేదు, కన్నీళ్ళు పెట్టలేదు. పండుగనాడు పొరుగింటికి వచ్చినట్టు నిలబడి, తనకు వచ్చిన హిందీలో, తనకు వచ్చిన విధంగా చెప్పింది. శుక్రవారం దీపం పెట్టి లక్ష్మిని తాను ఈ మాటతోనే పిలుస్తానన్నది. పెళ్ళిలో మగపెళ్ళివారిని ఈ మాటతోనే పిలుస్తామన్నది.

"అగర్ యే గాలీ హై దీదీ," అని ఒక్క క్షణం ఆగింది, "తో మైఁ బచ్‌పన్ సే లక్ష్మీజీ కో గాలీ దే రహీ హూఁ. ఫిర్ భీ వో ఆతీ హైఁ."

ఇది తిట్టే అయితే చిన్ననాటి నుంచి లక్ష్మీదేవిని తిడుతున్నాననీ, అయినా ఆవిడ వస్తూనే ఉన్నదనీ. దూబే గారి భార్య ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. పెదవుల చివర ఏదో కదిలింది. దాన్ని అదుపు చేయబోయి చేయలేకపోయింది. నవ్వు ఒకసారి మొదలైన తరువాత ఆ ఇల్లాలు గుమ్మం పట్టుకుని నవ్వింది. లోపలి నుంచి దూబే గారు తొంగిచూశాడు. నవ్వు ఆగిన తరువాత, కళ్ళు తుడుచుకుంటూ ఆమె ఒక ప్రశ్న అడిగింది. సరే, రేపు నేను నీ దుకాణానికి వస్తే నన్ను ఏమని పిలుస్తావు?

"కల్ ఆయియే దీదీ. సోచ్‌కే రఖూంగీ," అన్నది నరసమ్మ. రేపు రండి, ఆలోచించి పెడతాను అని.

ఆమె తిరిగి వచ్చి మా వరండాలో కూర్చున్న తరువాత, పిలిచే మాట ఇంకొకటి కావాలని అడిగింది. 'ఆయియే' ఉన్నది కదా అన్నాను. తల అడ్డంగా ఊపింది. "మార్కెట్లో అందరూ ఆయియే అంతారు. ఏ దుకాణం ఆయియే అన్నాదో ఎవులికి గుర్తుంతాది? మన మాటే కావాల. ఈళ్ళ సెవికి తప్పుగా తగలకూడదు. మీకాడ పాత మాటలు మూలుగుతున్నాయి కదేటి, ఒకటి తియ్యండి."

నాకు ఉత్సాహం వచ్చింది. చాలా సంవత్సరాల తరువాత నన్ను ఒకరు మాట అడిగారు. 'విచ్చేయండి' అన్నాను. ఆమె దాన్ని నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, తాను హిందీ మనిషినైనట్టు వింది. "బిచ్ఛూ అన్నట్టుంది. తేలు తేలు అని అరుస్తన్నాననుకుంతారు." 'వేంచేయండి' అన్నాను, దేవుళ్ళనూ రాజులనూ పిలిచే మాట. "బేచ్ అంతే అమ్మడం కాదేటి? గుమ్మంలో కాలెట్టకముందే అమ్మేస్తానన్నట్టుంటాది." మా ఆవిడ లోపలి నుంచి నవ్వుతున్నది. భార్యను వెతుక్కుంటూ వచ్చిన చిన్నారావు వరండా మెట్టు మీద కూర్చుని వింటున్నాడు. అప్పుడు 'దయచేయండి' అన్నాను. నరసమ్మ ఆ మాటను రెండు మూడుసార్లు గొంతు మార్చి పలికింది. మొదట తెలుగు గొంతుతో, తరువాత దూబే గారి భార్య గొంతుతో.

"దయ అంతే ఆళ్ళకీ దయే కదా," అన్నది. "ఇదే."

అయితే నా వృత్తిధర్మం ఊరుకోనివ్వలేదు. ఆ మాటకు మరొక ప్రయోగం కూడా ఉన్నదని హెచ్చరించాను. వచ్చేవారిని దయచేయండి అంటాము. ఇక వెళ్ళండి అని మర్యాదగా సాగనంపడానికి కూడా దయచేయండి అనే అంటాము. సందర్భాన్ని బట్టి ఏది ఏదో తెలుసుకోవాలి. ఆమె ముఖం వెలిగిపోయింది.

"అయితే ఒచ్చినోళ్ళకీ ఎళ్ళినోళ్ళకీ ఒక్క మాటే సరిపోద్ది. కరుసు సగం తగ్గిపోనాది మేస్టారూ."

మరునాడు దూబే గారి భార్య ఒక్కతె రాలేదు. భజనకు వచ్చే స్త్రీలందరినీ వెంటపెట్టుకుని వచ్చింది. నరసమ్మ మెట్ల దగ్గరికి ఎదురువెళ్ళి, కాస్త తల వంచి, "దయచేయండి," అన్నది. వాళ్ళు ఒకరి తరువాత ఒకరు ఆ మాటను పలికి చూశారు. 'దయా చేయండీ' అని ఒకరు, 'దయా చండీ' అని ఒకరు. ఎవరెట్లా పలికినా నరసమ్మ దిద్దలేదు. తాగిన కాఫీకి ఎంత పేరు వచ్చిందో తెలియదు గాని, ఆ కథకు మాత్రం రెక్కలు వచ్చాయి. దూబే గారి భార్య తనకు జరిగిన అవమానాన్ని తానే, తన భజనలో, ఒక హాస్యకథగా చెప్పసాగింది. నరసమ్మ కూడా దాచలేదు. మరొకరైతే ఆ సంగతి మరుగునపడాలని కోరుకుంటారు. ఆమె మాత్రం కొత్తవారెవరైనా ఆ మాట ఏమిటని అడిగితే, ఎక్కడ తగ్గించి చెప్పాలో అక్కడ తగ్గించి, మొత్తం కథ తానే చెప్పేది. కథ వినడానికి వచ్చినవాళ్ళు గ్లాసు పట్టుకునేవాళ్ళు. గ్లాసు పట్టుకున్నవాళ్ళు నిలబడేవాళ్ళు. దుకాణానికి ఏదో అమ్మవారి పేరు పెట్టించుకున్న విషయం అందరూ మరిచిపోయారు. 'దయచేయండి వాలీ దుకాన్' అనే పేరు స్థిరపడింది.

నన్ను వరండాలోంచి లేవదీసినది ఆ తరువాతి ఆలోచన. మాటకోసం మనుషులు రావడం చూసి, రోజుకొక మాట కావాలన్నది. రేకు ముక్కకు నల్లరంగు వేయించి మెట్ల పక్కన నిలబెట్టింది. నేను ప్రతి మధ్యాహ్నం వెళ్ళి, ఒక పాత తెలుగు మాటను తెలుగు లిపిలోనూ, చదవలేని మన పిల్లల కోసం హిందీ లిపిలోనూ రాసి, కింద హిందీలో అర్థం రాయాలి. ఒకనాడు 'నెయ్యము' అని రాశాను. స్నేహం అని అర్థం. సంస్కృతంలో స్నేహమన్న మాటకే చమురు అనే అర్థం కూడా ఉండటం నాకు ఎప్పుడూ ముచ్చట గొలిపే సంగతి. నెయ్యి అమ్ముతున్నామనుకుంటారని నరసమ్మ అనుమానపడింది. నేను వినలేదు. సాయంకాలం ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్ల ఒకతె స్టీలు క్యాను పట్టుకుని వచ్చి, నెయ్యి కిలో ఎంత అని అడిగింది. నరసమ్మ నా వైపు చూసి, "సెప్పండి మేస్టారూ, మీ నెయ్యం కిలో ఎంత," అన్నది. ఆ పిల్ల క్యానుతో వచ్చి కాఫీపొడితో వెళ్ళింది. వెళ్ళేముందు ఆ బోర్డును ఫోనుతో బొమ్మ తీసి తన స్టేటస్‌లో పెట్టుకుంది. క్రమంగా అది అలవాటైంది. ఉక్కు టౌన్‌షిప్పులోని ఎన్నో ఫోన్లలో ప్రతి సాయంకాలం నా చేతిరాత, దాని వెనుక నరసమ్మ దుకాణం మెట్లు కనిపించేవి. ఏ పత్రికకూ ఒక్క ప్రకటన ఇచ్చింది లేదు. నా తరగతి మూతపడిందనుకున్నాను. దానికి గోడలు లేకుండా పోయాయి, అంతే.

వానలు మొదలైన వారంలో సత్యం బొబ్బిలి నుంచి వచ్చాడు. పెద్దమనిషి, చెల్లెలంటే ప్రాణం. సామాను కట్టడానికి తాళ్ళు కూడా తెచ్చుకున్నాడు. మధ్యాహ్నం దుకాణంలో నా పక్కన బల్ల మీద కూర్చుని, వ్యాపారి కళ్ళతో అన్నీ గమనిస్తున్నాడు. నరసమ్మ ఆనాడు ప్రత్యేకంగా ఏమీ చేయలేదు. భోంపూ మోగింది. వానలో తడిసిన గాలికి ఆ వాసన మరింత బరువెక్కి రోడ్డు మీదికి పోయింది. రెయిన్‌కోట్లతో స్కూటర్లు ఆగాయి. అప్పటికి ఒక పొరపాటు ఊళ్ళో వాడుకగా స్థిరపడి ఉన్నది: ఆ మాట తెలుగువాళ్ళ నమస్కారం కాబోలుననుకుని, వచ్చిన ప్రతివాడూ తానే ముందుగా నరసమ్మతో "దయచేయండి దీదీ" అనేవాడు. లోపలికి వచ్చేవాడూ అదే, తాగి వెళ్ళేవాడూ అదే. సత్యం ఇదంతా విని నిర్ఘాంతపోయాడు.

"ఇదేటే నర్సీ," అన్నాడు, "ఒచ్చినోడల్లా నిన్ను దయచేయమంతన్నాడు. ఊరంతా కలిసి నిన్ను పొమ్మంతన్నాదేటి?"

నరసమ్మ గ్లాసులు కడుగుతున్నది. తల ఎత్తకుండానే, "మాట అదే అన్నయ్యా. అర్థం ఇను. ఉండమంతన్నారు," అన్నది.

సత్యం ఇంకొక గ్లాసు కాఫీ అడిగి తాగాడు. పీపా తిప్పుతున్న చిన్నారావు దగ్గరికి వెళ్ళి, ఏదో మాట్లాడి, కాసేపు తానే తిప్పాడు. తెచ్చిన తాళ్ళు గింజల బస్తాలు కట్టడానికి పనికివస్తాయని అక్కడే వదిలిపెట్టి వెళ్ళాడు. దుర్గ్ స్టేషనులో బండి కదులుతున్నప్పుడు చెల్లెలు కిటికీ దగ్గర చేతులు జోడించి "దయచేయండి అన్నగారూ" అన్నదట. అతను బొబ్బిలి చేరేదాకా నవ్వుతూనే ఉన్నానని తరువాత ఫోనులో చెప్పాడు.

ఆ తరువాత ఆ దుకాణం ఎంతో పెద్దదేమీ కాలేదు. పెద్దది చేయాలని ఆమె కోరుకోనూ లేదు. బోర్డు పెట్టిస్తామని, ప్రకటనలు వేయిస్తామని వచ్చినవాళ్ళకు కాఫీ ఇచ్చి పంపేది. తన దుకాణానికి వచ్చేవాళ్ళ ముఖాలు తనకు తెలిసి ఉన్నంత మేరకే వ్యాపారమని, అంతకు మించినది తన చేతిలో పట్టదని అనేది. ఈ మాటలో వ్యాపారశాస్త్రం దృష్ట్యా ఎంత నిజమున్నదో నాకు తెలియదు. ఆమె విషయంలో మాత్రం అది నిజమైంది.

నిరుడు వానలలో జ్వరం వచ్చి, ఎక్కువకాలం బాధపెట్టకుండా, నరసమ్మ వెళ్ళిపోయింది. ఆ ఉదయం మా రెండు క్వార్టర్ల ముందు మూడు భాషలవాళ్ళు గుమికూడారు. కూతురు కుమ్హారి నుంచి వచ్చింది. శివనాథ్ నది ఒడ్డుకు తీసుకువెళ్ళడానికి పాడె ఎత్తే సమయంలో, దూబే గారి భార్య జనాన్ని తప్పించుకుని ముందుకు వచ్చింది. ఆ ఇల్లాలికి అటువంటి వేళ ఏమనాలో మన భాషలో తెలియదు. తన భాషలోని మాటలు ఆ మనిషికి సరిపోవని తోచిందేమో. ఆమెకు తెలిసినది ఒక్క మాట. చేతులు జోడించి, స్పష్టంగా, నరసమ్మ ఎన్నడూ దిద్దకపోయినా ఇన్నేళ్ళలో తనంతట తానే సరిదిద్దుకున్న ఉచ్చారణతో, "దయచేయండి దీదీ," అన్నది.

వెనుక నిలబడ్డ మన కుర్రవాళ్ళు కొందరు ముఖాలు చూసుకున్నారు. పాపం, రమ్మనే మాట పొరపాటున అంటున్నదనుకున్నారు. చిన్నారావు మాత్రం తల ఎత్తి నా వైపు చూశాడు. ఆ మాటకు రెండో అర్థం ఉన్నదని ఆనాడు వరండాలో విన్నవాళ్ళలో పాడె దగ్గర ఉన్నది మేమిద్దరమే. స్నేహితురాలిని పిలుస్తున్నాననే ఆమె అనుకున్నది. భాష ఆమెకు తెలియకుండానే, అత్యంత గౌరవంగా, ఆ స్నేహితురాలిని సాగనంపింది.

ఇప్పుడు ఆ దుకాణం చిన్నారావు నడుపుతున్నాడు. పీపా తిప్పడానికి మోటారు వచ్చింది. గ్లాసులు మాత్రం స్టీలువే. నా బోర్డు ఇంకా ఉన్నది. రోజూ ఒక మాట రాసి వస్తున్నాను. రాసేముందు ఆ మాటను ఒకసారి పెదవుల మీద ఉంచుకుని, కళ్ళు మూసుకుని, అది ఎవరి చెవిలో పడబోతున్నదో వారినై వింటాను. జీవితమంతా మాట ఎక్కడి నుంచి పుట్టిందో వెతికినవాణ్ణి, అది ఎక్కడికి చేరుతుందో చూడటం ఆమె దగ్గర నేర్చుకున్నాను. ఈ ఒక్క అలవాటు వల్ల నేను రాయకుండా మానుకున్న గొప్ప మాటలు చాలా ఉన్నాయి. వాటి కోసం నాకు చింత లేదు.

అదిగో, వాసన వరండాలోకి వచ్చింది. పుస్తకం మూసి, సుద్దముక్క జేబులో వేసుకుని బయలుదేరాలి. నేను మెట్ల దగ్గరికి చేరేసరికి, ఎన్నడూ ఎవరినీ పిలిచి ఎరుగని చిన్నారావు, తన లోగొంతుకతో "దయచేయండి మేస్టారూ" అంటాడు. ఆ మాట విన్నప్పుడు నేను గడప ఇవతల ఒక్క క్షణం ఆగుతాను. ఆ ఉదయం విన్న అర్థం మెల్లగా తొలగి, రమ్మన్న అర్థం వినిపించేదాకా ఆగి, లోపలికి అడుగు పెడతాను.